రెండు కళ్లకు రెండు నీలాలు

కుడికంటికి శుక్లం తీసిన ఆరో రోజున, నల్లద్దాలు పెట్టుకుని పనిగదిలోకి వెళ్లాను. మా చెల్లెలు అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉంది. గోడలకు తగిలించుకునే పూలబొమ్మలు వేయడం మా ఇద్దరి బతుకుతెరువు. ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో చూసి, కాగితం పట్టీ మీద మచ్చలుగా పూసి నేనిస్తాను. ఆ పట్టీని ఎదురుగా గుచ్చుకుని తను బొమ్మ నింపుతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

వేరే ఊళ్లోని పరదాల ఫ్యాక్టరీ వాళ్లు ఈమధ్య తనను పనిలోకి రమ్మన్నారు. సోమవారంలోగా జవాబు చెప్పాలి. "నువ్వు రంగు ఎంచితే గానీ నాకు కుంచె కదలదు, నేనెక్కడికి పోతానే అక్కా" అని నవ్వేసింది. ఆ మాటనే పట్టుకుని వేలాడుతున్నాను. అమ్మనీ, ఆయననీ, ఇంకా ఎందరినో సాగనంపాను. మళ్లీ గుమ్మంలో నిలబడే ఓపిక నాకు లేదు.

"అద్దాలు తియ్యి. నా మొహం చూసి జడుసుకోకు మరి. నేనెంత ముసలిదాన్నయ్యానో నీకివాళే తెలుస్తుంది."

"నీ ముడతలు నాకు కొత్తా? ముందు బొమ్మ చూపించు."

అద్దాలు తీశాను. బూడిదరంగు గోడ ముందు నీలిపూల గుత్తి. చూడగానే ప్రాణం కుదుటపడింది. పక్కనే, ఆపరేషనుకు ముందు నేనిచ్చిన పట్టీ ఉంది. దాని మీది నీలం కంట్లో గుచ్చుకుంది. కుడికన్ను మూసి, ఇంకా మసక వదలని ఎడమకంటితో చూశాను. అదే నీలం, ఎంతో మెత్తగా ఉంది. కన్ను మార్చాను. మళ్లీ గుచ్చుకుంది.

"బొమ్మలోది నేనిచ్చిన నీలం కాదు."

చెల్లెలు కుంచె కడగడం మొదలుపెట్టింది. శుభ్రంగా ఉన్న కుంచెనే.

"కాస్త కావిరంగు తగిలించాను. మరీ అరుస్తోంటే నోరు మూయించాను."

"ఎన్నాళ్లుగా?"

"అబ్బ, ఆ పోలీసు ప్రశ్నలేమిటే!"

"ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లు."

"చెప్పొచ్చుగా?"

"చెబితే మళ్లీ ఈ గదిలోకి వస్తావా? ముసుగు తన్ని పడుకుంటావు. నీ సంగతి నాకు తెలీదూ?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కోపం రాలేదు. కోప్పడడానికైనా ఒంట్లో సత్తువ ఉండాలి. మూడేళ్లుగా కొన్నవాళ్లు మెచ్చుకుంటుంటే నేను పొంగిపోతూ ఉన్నాను. తనకు నేను అక్కరలేదు. అక్కరలేదని తెలిసే తను ఇక్కడ కూర్చుంది.

"ఆ గోడ అంచుకు ఏం వేస్తావు?" అని అడిగాను.

తను పట్టీ వైపు చూడలేదు. బూడిదరంగులో రవ్వంత పండుటాకు పసుపు కలిపి సన్నగా లాగింది. పూల నీలం ఒక్కసారిగా నిమ్మళించింది. నాకైతే ఆ రంగు తట్టేది కాదు.

"ఫ్యాక్టరీ వాళ్లకు వస్తానని రాయి" అన్నాను.

"మరి నువ్వో?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

చెల్లెలు కుంచె తుడిచి పక్కన పెట్టింది.

"రెండో కంటికి ఎప్పుడు చేస్తానన్నాడు డాక్టరు? అది అయ్యేదాకా నేను కదలను. వాళ్లకు ఆ మాటే రాస్తాను."

వచ్చే నెలలోనే రమ్మన్నాడు డాక్టరు.

"ఆరు నెలలు ఆగాలట" అన్నాను.