ఒంటితాడి గురుతు

యారాడ ఒడ్డుకి పడవలు తొమ్మిదిన్నరకల్లా వచ్చేస్తాయి. ఆ పాటికి నూకాలు చేపల గంప పట్టుకుని నీళ్ళ అంచున నిలబడి ఉంటాది. బేగి సరుకెత్తుకుంటే మల్కాపురం బజారులో మంచి చోటు దొరుకుద్ది. అందుకని పడవ ఇసక్కి తగిలీ తగలకముందే అడుగుద్ది.

"ఏటి పడ్డాయిరా?"

"కవళ్ళు. కొన్ని కానాగంతలు," అంటాడు అప్పలరాజు. ఆమె మరిది. మొగుడు పోయి ఎనిమిదేళ్ళయ్యింది, పడవ ఇప్పుడు మరిదిదే.

"మీ అమ్మ?"

"బాగానే ఉంది. తిడతంది."

"ఎవలినీ?"

"ఎవలినేటి వొదినా, నిన్నే అయ్యుంటాది."

అత్త గంగాలమ్మ నిరుడు జీడికొండ తగలబడినప్పుడు కాలిపోయింది. ఆమెతో కలిపి ఏడుగురు. ఊళ్ళోంచి చూస్తే కొండ ఇప్పటికీ నల్లటి పెనంలాగ ఉంటాది. కానీ సంద్రంలోకి మూడు మైళ్ళు లోపలికెళ్ళి, కొండమీది ఒంటి తాడిచెట్టూ దాని కింద తెల్లరాయీ ఒక గీతలోకొచ్చిన చోటికి పడవ చేరితే, కొండ పచ్చగా కనపడుద్ది. చెయ్యి చాపితే అందేటంత దగ్గరికొచ్చేస్తాది. కాలిపోయిన తాడిచెట్టు కూడా అక్కడే ఉంటాది. రోజూ అదే పొద్దు, మంట అంటుకున్న రోజు పొద్దు. ఏడుగురూ తట్టలెత్తుకుని జీడితోటల్లోకి వెళ్తా ఉంటారు.

ఊళ్ళో దీన్ని ఎవరూ వింతనుకోలేదు. పాపాయమ్మ కొడుకు ఆ ఏడుగురిలో ఒకడు. ఆమె ఒడ్డుకొచ్చి రోజూ ఒకటే అడుగుద్ది, వాడేమైనా తిన్నాడా అని. తిన్నాడనే చెప్తారు.

మంట పదింటికి అంటుకుంది. అందుకని తొమ్మిది దాటేక అక్కడ ఏ పడవా ఉండదు.

నూకాలుకి అత్త తిట్లు కొత్త కాదు. మంట అంటుకున్న పొద్దున్న కూడా మాటా మాటా వచ్చింది. ఉప్పుచేపల కుండ మూత ఎవరు తీసి ఒగ్గేసేరు, పిల్లి ఎలా తినేసింది అని. గంగాలమ్మ, కోడలు పెట్టిన గంజి తాక్కుండా తట్టెత్తుకుని పోయింది. రోజూ కోడల్నే తిడతందంటే, పోనీలే, ఇంకెవర్ని తిడుద్ది అనుకునేది నూకాలు. అనుకునేది గానీ, బజారులో బేరమాడేటప్పుడు ఒక్కోసారి లెక్క తప్పేది.

జీడితోటల్నుంచి ఒడ్డుకి దిగడానికి తాతల నాటి కాలిదారి ఉంది. పావుగంట నడక. కొండమీద హోటలు కట్టేక ఆ దారికడ్డంగా ఇనప గేటు పెట్టేరు. హోటలు కృష్ణంరాజు బావమరిదిది. కొండ కమిటీకి చైర్మన్ కృష్ణంరాజే, గేటుకి పర్మిషనిచ్చిందీ ఆయనే. అప్పట్నుంచి తోటలకెళ్ళాలంటే కొండ చుట్టూ గంటన్నర. ఏడుగురూ ఆ గేటు దగ్గరే కాలిపోయేరు.

"గేటు రోజూ తొమ్మిదిన్నరకి తీస్తారు. ఆ రోజూ తీసే ఉంది. పాపం, పొగలో దారి కనపడలేదు," అన్నాడు కృష్ణంరాజు. సాయంత్రం జనం వెళ్ళి చూసేసరికి గేటు బార్లా తెరిచే ఉంది మరి. చచ్చినోళ్ళు లేచొచ్చి కాదనరు కదా.

దగ్గర దగ్గర ఏడాదయ్యేక ఎంక్వయిరీకి ఉమాశంకర్ అనే ఆఫీసరొచ్చేడు. కృష్ణా జిల్లా మనిషి. బడిలో బల్లేసుకుని ఒక్కొక్కర్నీ పిలిచేడు. అప్పలరాజు వంతొచ్చింది, నూకాలు కూడా వెళ్ళింది.

"సంద్రం మీంచి రోజూ సూత్తన్నాం బాబూ. గేటుకి తాళం ఉంది."

ఆఫీసరు కలం ఆపలేదు. "ఎన్నింటిదాకా చూశారు?"

"తొమ్మిది."

"తొమ్మిదిన్నరకి తీశామంటున్నారు వాళ్ళు. పదింటికి తాళం ఉందో లేదో చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరు."

"అయితే నేనే చూడాలి. ఎక్కణ్ణుంచి కనిపిస్తుందో చెప్పండి."

అప్పలరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికొచ్చేసేడు.

సంద్రం మీద చేపలుండే చోటుకి గురుతులు కొండమీదే ఉంటాయి. ఏ చెట్టు ఏ రాయితో కలవాలో తండ్రి కొడుక్కి చెప్తాడు, పక్క పడవోడికి కూడా చెప్పడు. తనవాళ్ళకి చూపిస్తాడేమో గానీ బయటోడికి నోటితో చెప్తే గురుతు చచ్చిపోద్దంటారు. ఊరి పడవలన్నీ ఏడాదిగా అప్పలరాజు వెనకాలే వెళ్తన్నాయి తప్ప, అదేటని ఒక్కడూ అడగలేదు.

ఇంటికొచ్చి వల బాగుచేసుకుంటా కూచున్నాడు. నూకాలు ఎదురుగా నిలబడింది.

"సెప్పియ్యి."

"మా నాన్న గురుతది వొదినా. సెప్తే అమ్మ మళ్ళీ కనపడదు."

"తెలుసు."

"నీకేటి, నువ్వెప్పుడూ సూళ్ళేదు. నానే రోజూ సూత్తన్నాను."

"సూసి ఏటి సేత్తన్నావ్? తొమ్మిదవగానే ఎనక్కి తిప్పేత్తన్నావ్."

అప్పలరాజు చేతిలో దారం ఆగింది.

"గేటుకి మళ్ళీ తాళమేసేరు," అంది నూకాలు. "ఇంకో నెలకి జీడిపిక్కలొత్తాయి. నీ పెళ్ళాం ఎల్తాది, నానెల్తాను. అప్పుడు మా ఇద్దర్నీ కూడా సంద్రం మీంచి సూసుకుంటావేటి రోజూ?"

అప్పలరాజు వల చుట్టి పక్కన పెట్టేడు. తరవాత అన్నాడు, "ఆ సారుకి లైఫ్ జాకెట్టు కావాలేమో అడుగు."

సాక్షులు ఇద్దరుండాలన్నాడు ఆఫీసరు. రెండో సాక్షి నూకాలు. ఒడ్డున ముసలోళ్ళు గొణిగేరు, మొగుడు పోయిన ఆడది పడవెక్కితే వల ఖాళీగా వస్తాదని.

"ఇయ్యాళ వల ఎయ్యట్లేదు తాతా," అని ఎక్కేసింది.

ఆఫీసరు రెండుసార్లు కక్కుకున్నాడు. నూకాలు నిమ్మకాయ ముక్క ఇచ్చి, "దూరంగా సూడు బాబూ, నీళ్ళకేసి సూడకు," అంది.

చోటు దగ్గరపడేక అప్పలరాజు గట్టిగా, ఎవరో బలవంతంగా చెప్పించినట్టు చెప్పేడు. "ఒంటి తాడిచెట్టు. దాని కింద తెల్లరాయి. రెండూ కలిసిన కాడ."

కొండ పచ్చగా దగ్గరికొచ్చేసింది. వల వెయ్యని రోజు ఇంజిను ఎందుకని ఆపేసేడు. ఏడాదిలో ఎప్పుడూ అక్కడ ఇంజిను ఆపలేదు. ఆపేసరికి గొంతులు వినపడ్డాయి.

గంగాలమ్మ తట్ట దించి గేటు పట్టుకుని ఊపుతంది.

"నీ సెయ్యిరిగిపోనూ కృష్ణంరాజూ! మా తాతల దారికి తాళమేటిరా? ఈ సుట్టంతా తిరిగి సచ్చేకంటే నా కోడలెట్టిన గంజైనా తాగొద్దును!"

అప్పలరాజు వొదిన వైపు చూసేడు.

"ఇన్నావా," అంది నూకాలు. "నన్ను కాదు."

ముసలమ్మ తట్టెత్తుకుని చుట్టుదారి పట్టింది. తొమ్మిదయ్యింది. తొమ్మిదిన్నరయ్యింది. గేటు దగ్గరికి ఎవరూ రాలేదు. ఆఫీసరు గడియారం చూసుకుంటా రాసుకుంటన్నాడు. పదింటికి కొండ నడుమున ఎండుగడ్డిలో పొగ లేచింది. అప్పలరాజు ఇంజిను వైపు తిరిగి కూచున్నాడు. నూకాలు తిరగలేదు. ఎవరో ఒకరు చూడాలి కదా అనుకుంది. పదీ ఇరవైకి ఏడుగురూ గేటు దగ్గరికొచ్చేరు. గంగాలమ్మ రాయి తీసుకుని తాళం మీద కొట్టింది. చాలాసార్లు కొట్టింది.

ఆ తరవాతది ముగ్గురూ ఎక్కడా చెప్పుకోలేదు. కాయితం మీద మాత్రం ఉంది. పదకొండున్నరకి హోటలు వాచ్‌మన్ కొండలరావు పిచ్చోడిలాగ పరిగెత్తుకొచ్చి, కాలే ఇనప్పట్టీకి తువ్వాలు చుట్టి తాళం తీసేడు.

నూకాలు వేలిముద్ర వేసింది. పడవ తిప్పేసరికి కొండ ఎక్కడిదక్కడికి వెళ్ళిపోయింది. నల్లగా. తాడిచెట్టు లేదు.

మర్నాడు బడిలో కృష్ణంరాజు లేచేడు. "నేనూ చూస్తాను. నన్నూ తీసుకెళ్ళండి."

"గురుతు సచ్చిపోయింది బాబూ," అన్నాడు అప్పలరాజు. "ఆలీసెం సేసేరు."

"అయితే ఇక సాక్ష్యం ఏముంది?"

ఆఫీసరు కాయితం తీసి నిమిషాలతో సహా చదివేడు. పదకొండున్నర దగ్గరికొచ్చేసరికి వెనక బెంచీలో కొండలరావు లేచేడు. మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పి బల్లమీద పెట్టేడు.

"తియ్యొద్దన్నారు," అన్నాడు. "అడక్కుండా తియ్యొద్దన్నారు. ఫోను సేసేను. ఎత్తలేదు."

కృష్ణంరాజు కుర్చీ పోయింది, కేసయ్యింది. సీతమ్మధారలో ఇంట్లోనే ఉంటన్నాడంట, ఎవరికీ కనపడడంట. వానాకాలం లోపల జీఓ వచ్చింది. కొండమీద నడిచే దారికి ఎవరూ గేటు పెట్టకూడదు. మాఘమాసంలో ఎండుగడ్డి కోసి, కొండకి అడ్డంగా మంట దాటకుండా ఖాళీ పట్టీ తియ్యాలి. ఆ పని ఊళ్ళోవాళ్ళకే ఇవ్వాలి. జీఓలో గంగాలమ్మ పేరు లేదు. గేటు మటుకు ఊళ్ళోకొచ్చింది. ఒడ్డున నాలుగు రాళ్ళ మీద పడుకోబెట్టేరు. దానిమీద నెత్తళ్ళు బాగా ఎండతాయి, కింద గాలి ఆడుద్ది, ఇసకంటదు.

పాపాయమ్మ ఒడ్డుకి రావడం మానేసింది. కొన్నాళ్ళు నూకాలుతో మాట్లాడలేదు కూడా. తరవాత ఒక రోజు గడ్డి కొయ్యడానికి కొడవలి తెచ్చుకుని అందరికంటే ముందొచ్చింది.

మరుసటి ఏడు జీడిపిక్కల కాలంలో కొండ మళ్ళీ అంటుకుంది. పట్టీ దగ్గర మంట ఆగి ఆలోచించింది. ఆ లోపల నలభై మంది కాలిదారిన దిగొచ్చేసేరు, తట్టలతో సహా. నూకాలు అందరికంటే వెనకాల దిగింది. పీకేసిన గేటు స్తంభం మొదలింకా నేల్లో ఉండిపోయింది. దానికి కాలి బొటనవేలు కొట్టుకుంది.

అప్పలరాజు పడవ ఒడ్డుకొచ్చేసరికి ఆమె గేటు మీది నెత్తళ్ళు తిరగేస్తంది. కాలికి గుడ్డ చుట్టుంది.

"వొదినా, పొగ సూసి లగెత్తుకొచ్చేసేను. వత్తా కొండకేసి సూత్తే, పాత గేటు కాడ ఒక ఆడమనిషి కనపడింది. అమ్మే అనుకున్నాను."

నూకాలు తలెత్తలేదు. "ఏటి సేత్తంది?"

"తిడతంది."

"ఎవలినీ?"

"ఏటో, ఇంజిను సౌండులో ఇనపడలేదు. నువ్వే సెప్పాలి."

నూకాలు గంప తీసుకుని నీళ్ళ అంచుకొచ్చింది.

"ఏటి పడ్డాయిరా?" అంది.