మామయ్య టార్పాలిన్

మా ఇంటి వెనక తలుపుకు రెండు గడియలు. ఒకటి ఇల్లు కట్టినవాళ్లు పెట్టింది. ఇంకొకటి మా పిడుగుకు నడక వచ్చాక నేను పట్టుబట్టి పెట్టించింది. పిడుగంటే నా కూతురు. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టింది.

తలుపు తీస్తే వాకిలి, వాకిలి అవతల నూలుకు రంగులద్దే షెడ్డు, మధ్యలో కాలువ. షెడ్డులో ఏ రంగు వేస్తే కాలువ ఆ రంగు. ఒకరోజు దానిమ్మ గింజలా, ఇంకోరోజు నెమలి మెడలా పారుతుంది. కంటికి ఎంత ముద్దుగా ఉంటుందో ముక్కుకు అంత ఘాటు. పిల్లల సంగతి తెలిసిందేగా, అందంగా కనబడిందల్లా నోట్లోకే. ఒకసారి రెప్పపాటులో నా చెయ్యి వదిలించుకుని వెళ్లి, మోకాళ్ల దాకా నీలంగా తిరిగొచ్చింది పిడుగు. కాళ్లకు పట్టిన రంగు కొన్నాళ్లకు వదిలింది. నాకు పట్టిన దడ వదల్లేదు.

"ఇంత పిరికి తల్లిని నేనెక్కడా చూళ్లేదమ్మా" అంటుంది అత్తయ్య. "పిల్లను డబ్బాలో పెట్టి మూతేసెయ్, పీడా పోతుంది."

అంటే అననీ. గడియ మాత్రం తియ్యను. పిడుగు ఆ తలుపును రోజూ అరచేతులతో బాదుతూనే ఉంటుంది, నేను చెవిటిదాన్నయిపోతూ ఉంటాను.

అలాంటి రోజుల్లో షెడ్డు యజమాని ఒక ఇంజినీరమ్మాయిని తీసుకొచ్చారు. పెద్ద కళ్లజోడు, చిన్న మనిషి. వాకిట్లో ఎండ బాగా పడే చోట గాజు పలకలు వాలుగా బిగించింది. వాటి మీద సున్నం వేసినట్టు ఏదో తెల్లటి పూత. కింద తొట్టిలో పోసిన షెడ్డు రంగునీళ్లను ఒక బుల్లి పంపు పైకి తోస్తుంది, అవి పలకల మీద పల్చగా జారి మళ్లీ తొట్టిలోనే పడతాయి, మళ్లీ పైకెక్కుతాయి.

ఎనిమిదో తరగతిలో చదువు ఆగిపోయినదాన్ని, అడిగితే ఏమనుకుంటుందోనని నేను కిటికీ దగ్గరే ఉండిపోయాను. అత్తయ్యకు అలాంటి మొహమాటాలు లేవు.

"ఏమ్మా, ఆ తెల్లది ఏం చేస్తుంది?"

"ఎండ పడితే దానికి ఊపొస్తుందండీ. పక్కనున్న నీళ్లను రెచ్చగొడుతుంది. రెచ్చిపోయిన నీళ్లు రంగును తునకలు తునకలు చేసేస్తాయి. ఆ పూత మాత్రం అరగదు, తరగదు."

"ఓహో! పక్కవాళ్ల మధ్య తగువు పెట్టి, తను మాత్రం జుట్టు చెదరకుండా నిలబడి చూస్తుందన్నమాట. అచ్చం మా ఆడపడుచు!"

ఇంజినీరమ్మాయి నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది.

"మరి కాలువ పోతుందా అండీ?" అన్నాను.

"ఈ వారంలో తొట్టి తేటపడితే షెడ్డు మొత్తానికీ ఇలాంటివే పెట్టిస్తారు. శుభ్రపడిన నీళ్లనే మళ్లీ నూలు జాడించడానికి వాడతారు. కాలువలో వదలడానికి ఇక ఏమీ మిగలదు." కళ్లజోడు పైకి తోసుకుంది. "తేటపడకపోతే ఇవన్నీ విప్పి వేరే షెడ్డుకు పట్టుకుపోతాను."

ఆ రోజు నుంచి నాకు ఇంటి పని మీద మనసు నిలిస్తే ఒట్టు. గిన్నెలు తోముతూ తొట్టి వైపు చూడ్డం, పిల్లకు జడ వేస్తూ తొట్టి వైపు చూడ్డం. పొద్దున ముదురు ఎరుపు. సాయంత్రానికి అదే ఎరుపు, మహా అయితే కాస్త వెలిసినట్టు. ఇంజినీరమ్మాయి పొద్దున సీసాలో నీళ్లు పట్టుకుని పరీక్షలకు వెళ్లేది, సాయంత్రం వచ్చి తొట్టి చూసి నుదురు రుద్దుకునేది. పంపు విప్పి చూసింది. పూత గీకి చూసింది. "మా ల్యాబులో బ్రహ్మాండంగా పనిచేసిందండీ ఇది" అంది, ఏడుపు గొంతుతో.

మామయ్య ఆ షెడ్డులో రంగుల మేస్త్రి. ఆ పిల్ల మొహం చూడలేక ఆయన కూడా సతమతమైపోయారు. "కొత్త పిల్ల, ఎంత ఆశ పెట్టుకుందో. ఎందుకు దిగడం లేదో ఈ రంగు" అని ముద్ద ముద్దకీ నిట్టూర్చేవారు.

వారం దాటబోతోంది. ఆ రోజు మధ్యాహ్నం పిడుగు ఎంత జోకొట్టినా పడుకోలేదు. రోజూ ఆ వేళకు దానితోపాటు నేనూ ఓ కునుకు తీసేదాన్ని. షెడ్డులో వాళ్లంతా తిండి తిని నడుం వాల్చే సమయం, వాకిట్లో పురుగు కూడా ఉండదు. పిల్లను చంకనేసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను.

"తాతా!" అంది పిడుగు వేలు చూపిస్తూ.

భోంచేసి చెయ్యి కడుక్కుని వచ్చిన మామయ్య, పళ్లు కుట్టుకుంటూ, నల్ల టార్పాలిన్ విప్పి, గాజు పలకల మీద నాలుగు మూలలా చక్కగా కప్పుతున్నారు. మూలలు ఎగరకుండా ఇటుకలు కూడా పెట్టారు.

నాకు ఒళ్లు తెలియలేదు. రెండు గడియలూ నేనే తీశాను. పిల్లను చంకలో అదిమి పట్టుకుని పరుగెత్తాను.

"మామయ్యా! ఎందుకు కప్పారు?"

"ఏం కప్పాను?"

"అదిగో, మీ చేతిలో ఇటుక ఇంకా ఉంది!"

ఆయన ఇటుక వైపు చూసుకున్నారు. ఎవరో తెచ్చి చేతిలో పెట్టినట్టు చూశారు. మీసం మొలవని వయసులో ఈ పనిలో దిగిన మనిషి. మిట్టమధ్యాహ్నం వాకిట్లో తడిగా ఏది కనబడినా నీడ చెయ్యాలి, లేకపోతే ఎండకు రంగు చచ్చిపోతుందని ఆయన గురువు చెవి మెలిపెట్టి నేర్పాడట. ఇన్నేళ్లుగా చేతులే ఆ పని చేసేస్తున్నాయి, ఎండ తగ్గగానే అవే తీసేస్తున్నాయి, బుర్రకు కబురు కూడా పెట్టకుండా.

"ఎండ కొడితే రంగు చస్తుందిగా తల్లీ..." అన్నారు నెమ్మదిగా.

"చావాలనే కదా మామయ్యా ఆ అమ్మాయి ఇంత పాటు పడేది!"

అప్పుడు వెలిగింది ఆయనకు. చేతిలో ఇటుక జారింది, కాలు మీద పడాల్సింది వెంట్రుకవాసిలో తప్పింది. ముందు నాలుక కరుచుకున్నారు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. ఆ గోలకు అత్తయ్య లేచొచ్చింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది. "ఆ పిల్లకు పగలంతా తవ్వడం, ఈయనకు మధ్యాహ్నం పూడ్చడం! ఏం మనిషివయ్యా!"

సాయంత్రం ఇంజినీరమ్మాయికి మామయ్యే వెళ్లి చెప్పుకున్నారు. ఆమె కోప్పడుతుందేమోనని నేను తలుపు చాటునుంచి చూశాను. ఆమె మెట్టు మీద కూలబడి, "అమ్మయ్య! పూత మంచిదే అయితే!" అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. తొట్టిని కొత్త రంగునీళ్లతో నింపి, మరో అవకాశం ఇమ్మని యజమానిని ఒప్పించింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య ఆ టార్పాలిన్‌ను మడత పెట్టి, నీడలో వేసుకుని, దాని మీద కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది. మామయ్య భోంచేసి వచ్చి ఆమె చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"ఏం, లెమ్మంటావా?" అంది అత్తయ్య.

"అబ్బే, ఊరికే. చేతులు దురద పెడుతున్నాయి."

"ఇంద, ఒలువు."

పొద్దువాలేసరికి తొట్టి అడుగున పగుళ్లు కనిపించాయి. అప్పటిదాకా ఆ తొట్టికి అడుగుందని నాకు తెలియనే తెలియదు. ఇంజినీరమ్మాయి గ్లాసుతో ముంచి పైకెత్తింది. గ్లాసులోంచి ఆమె కళ్లజోడు, కళ్లజోడులోంచి నవ్వు. "తాగకండి బాబోయ్! రంగు పోవడం ఒక్కటే చాలదు, పరీక్షలో నెగ్గాలి" అని హెచ్చరించింది. ఆ నీళ్లు పరీక్షలోనూ నెగ్గాయి.

ఇప్పుడు వాకిలి నిండా పలకలే. కాలువ ఎండిపోయింది. షెడ్డువాళ్లు దాన్ని కడిగి, మట్టి పోసి చదును చేశారు. నేను మూడు రోజులు కిటికీలోంచే చూశాను. నాలుగో రోజు అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

తీశాను. పై గడియ, కింది గడియ. పిడుగు గడప మీద ఒక్క క్షణం ఆగి, నా వైపు అనుమానంగా చూసి, బాణంలా దూసుకుపోయింది. ఎండలో గుండ్రంగా తిరిగింది, పడింది, లేచింది, మళ్లీ తిరిగింది. దాని కాళ్లకు అంటింది మట్టి. ఉత్త మట్టి.

అంతలో షెడ్డులోంచి మామయ్య గబగబా వచ్చారు. భుజం మీది తువ్వాలు విప్పి, మనవరాలి నెత్తిన కప్పి, నాలుగు మూలలూ సర్దబోయారు.

"మళ్లీనా!" అరిచాం అత్తయ్యా నేనూ ఒకేసారి.

పిడుగు తువ్వాలు లాగి పారేసి, పకపకా నవ్వుతూ ఎండలోకి పరుగెత్తింది.