కమలాపురం దాటినాక

కమలాపురం దాటగానే సుబ్బరత్నమ్మ రైలు కిటికీ వైపు తిరిగి కొంగుతో బొట్టు తుడిచేసుకునేది. గాజులు తీసి సంచిలో వేసుకునేది, తాళి రవికలోకి తోసేది, మెట్టెలు కొంగున ముడేసేది. కడపలో దిగేసరికి ఆమె మొగుడు చచ్చిపోయిన మనిషి. సాయంత్రం ఎర్రగుంట్లలో దిగేసరికి మళ్లీ ముత్తయిదువ. అత్త మద్దమ్మ వాకిట్లోనే ఆమె కాళ్లు చూసి, "మెట్టెలేవి మే?" అని అడిగి, సరిగ్గా ఉన్నాయనుకున్నాకనే గడప దాటనిచ్చేది. ఆ తర్వాత పొయ్యి, అంట్లు, మగ్గానికి నూలు కండెలు చుట్టడం, అన్నీ ముత్తయిదువ పనులే.

ఇదంతా మొగుడు చౌడప్ప తెలివి. కడపలో ఒక చేనేత సంఘం వాళ్లు లెక్కలు రాసే ఉద్యోగం దిక్కులేని విధవరాలికే ఇస్తారని ఎక్కడో విని వచ్చాడు. "నేను సచ్చినానని రాసియ్యి. రాస్తే సస్తానా యేమి?" అన్నాడు మహానుభావుడు. ఆయన చెప్పినట్టే ఆమె రాసిచ్చింది.

ఆ రోజు నుంచి ఆమె కాపురం భయంతోనే. ఆయన కాస్త దగ్గితే చాలు, తన రాతే తగులుకుందేమోనని మిరియాల కషాయం కాచేది. ఆఫీసులో ఎవరైనా మీ ఆయన దేంతో పోయినాడమ్మా అంటే లెక్కల పుస్తకంలోకి తల దించుకునేది. ఇంకో భయం ఉంది, అది దేవుడికి కూడా చెప్పుకోలేదు. బొట్టు తుడుచుకున్నాక ఒళ్లు తేలికయ్యేది. అట్లా ఎందుకవుతుందో తలుచుకోవాలంటేనే భయం.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, రాష్ట్రంలోని సంఘాలన్నిట్లో లెక్కలు బాగా రాసేవాళ్లకు బహుమానం పెట్టారు. చివరికి మిగిలిన ముగ్గురిలో సుబ్బరత్నమ్మ పేరుంది. కర్నూలుకు పిలిపించి మాట్లాడతారట, గెలిస్తే పేపర్లో ఫోటో వేస్తారట. సంఘం సెక్రటరీ మిఠాయి పంచుతుంటే ఆమెకు ఫోటో దిగులే పట్టుకుంది. ఫోటోకు బొట్టు పెట్టుకోవాలా, మానాలా? పెట్టుకుంటే కడపలో ఏమంటారు, మానితే ఎర్రగుంట్లలో ఏమంటారు?

చౌడప్ప పోవద్దంటాడనుకుంది. అంటే బాగుండుననుకుంది కూడా. ఆయనేమో కొత్త పంచ కొనుక్కొచ్చాడు. తానూ వస్తాడట, లెక్కలు నేర్పింది తానేనని పెద్దల ముందర చెప్తాడట, శాలువా ఇద్దరికీ కప్పుతారట. మరి చచ్చిపోయినట్టు రాసిచ్చాం కదా అంటే నవ్వాడు.

"పొరపాటున రాసినానని చెప్పు. ఆడోళ్ల రాతలో తప్పులుండవా యేమి? నన్నేం అడుగుతారు, రాసింది నువ్వు కదా."

అత్త కూడా తలూపింది. సుబ్బరత్నమ్మ కంచం పక్కకు జరిపింది. ఒక్క అంకె తప్పు రాయదని మెచ్చి పిలిచినవాళ్ల ముందు నిలబడి, ఏం రాస్తున్నానో తెలియక రాశానని చెప్పాలి. చెప్తే బహుమానమే కాదు, ఉద్యోగమూ పోతుంది. జైలు కూడా ఉందేమో. ఆ మాట చౌడప్పకు తట్టనే లేదు. తట్టినా, పోయేది ఆమె కదా.

కర్నూలులో బస్సు దిగినాక ఆఫీసు కొళాయి దగ్గర ముఖం కడుక్కుంది. అలవాటు కొద్దీ బొట్టూ పోయింది, గాజులూ మెట్టెలూ తీసేసింది. చౌడప్ప గమనించనే లేదు, పంచకంటిన దుమ్ము దులుపుకుంటూ వరండా బెంచీ మీద కూర్చున్నాడు.

లోపల ముగ్గురు పెద్దలు నూలు నిల్వలో, కూలి పద్దులో ఏది అడిగినా తడుముకోకుండా చెప్పింది. అంతలో బంట్రోతు వచ్చి, వాళ్లలో నడిమాయన చెవిలో ఏదో చెప్పి పోయాడు. ఆయన కడప సంఘం పంపిన ఆమె ఉద్యోగం దరఖాస్తు తీసి చూశాడు.

"అమ్మా, భర్త చనిపోయినట్టు ఇందులో రాశారు. బయట ఒకాయన మీ భర్తనంటున్నాడట. ఇది పొరపాటా?"

ఆమె కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది. లోపలి మెట్టెలు అరచేతికి గుచ్చుకున్నాయి. బయటినుంచి చౌడప్ప దగ్గు వినబడింది. పొరపాటేనంటే మళ్లీ ఆ వాకిలి, ఆ అంట్లు, ఆ కండెలు. కాదంటే ఈ గదిలోంచి ఎక్కడికి పోవాలో, ఎవరు తలుపు తీస్తారో తెలియదు. వణుకుతూనే తలెత్తింది.

"నేను రాసిండేదాంట్లో తప్పు లేదు సార్" అంది.