పోయిరా అనకూడని తుపాకి

పొద్దున ఆరు దాటితే చాలు, పుష్పావతమ్మ గేటు దగ్గర జనం నిలబడతారు. పీణ్య ఫ్యాక్టరీ షెడ్లకు షిఫ్టుకు పోయే లేతు ఆపరేటర్లు, రేకులు వంచే ప్రెస్సు మీద పనిచేసే ఆడవాళ్ళు, పరీక్షలప్పుడు కాలేజీ పిల్లలు. ఆమె కళ్ళాపి చల్లి, ముగ్గేసి, తులసికి దణ్ణం పెట్టుకుని, ఒక్కొక్కరి మొహం చూసి "పోయిరాప్పా", "పోయిరా తల్లీ" అంటుంది. అంతే. ఆమె పోయిరా అన్నదేదీ తిరిగి రాకుండా ఉండదు. ప్రెస్సు కింద చెయ్యి పెట్టే మనిషి సాయంత్రానికి అన్ని వేళ్ళతో ఇల్లు చేరతాడు. పక్కింటి కెంపమ్మకు ఇచ్చిన ఇడ్లీ పాత్ర, కెంపమ్మ మరిచిపోయినా సరే, తానే గోడ దిగి వంటింట్లోకి వచ్చేస్తుంది.

"నీ పాత్రకు ఎంత తొందరక్కా! ఇంకా కడగనే లేదు" అని కెంపమ్మ గోడ మీంచి కేకేస్తుంది.

వీధిలో దీన్ని ఎవరూ నోరు తెరుచుకుని చూడరు. కొందరి చేత్తో నాటిన మల్లె బతుకుతుంది, కొందరి నోటి మాట బతుకుతుంది. కదిరి నరసింహస్వామి ఎవరికి ఏమిచ్చాడో మనం లెక్క అడగబోతామా?

ఆమె భర్త మునీంద్ర పీణ్యలో చిన్న మెషీన్ షాపు నడిపినాయన. పోయిన వానాకాలం నిద్రలోనే కన్నుమూశాడు. నిద్రలో పోయే మనిషికి ఎవరు పోయిరా అంటారు, మీరే చెప్పండి.

ఆయనకు తుపాకులంటే పిచ్చి. వేటకు పోయినవాడు కాదు, పిట్టను కొట్టినవాడు కాదు. ఇనుముతో బతికినవాడికి మంచి ఇనుము మీద ఉండే మోజు, అంతే. మూడుండేవి. ఒక మనిషికి రెండే అని చట్టం మారినప్పుడు తాతనాటి నాటు తుపాకిని ఆయనే పోయి అప్పజెప్పి వచ్చాడు. మిగిలినవి ఒక రైఫిలు, ఒక డబుల్ బ్యారెల్. ఈ డబుల్ బ్యారెలే ఆయన ప్రాణం. ఆదివారం ఒళ్ళో పెట్టుకుని నూనె పట్టించేవాడు. ఆయుధపూజకు బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాడు.

దినాలు అయినాక పుష్పావతమ్మ స్టేషన్‌కు పోయింది. సబ్ ఇన్‌స్పెక్టరు హరిణి కుర్చీ చూపించి, మెల్లగానే చెప్పింది.

"లైసెన్సు మనిషి పేరు మీద ఉంటాదమ్మా, ఇంటి పేరు మీద కాదు. మనిషి పోతే అదీ పోయినట్టే. లైసెన్సు ఉండే డీలరు దగ్గర పెట్టి రసీదు తెచ్చియ్యి. కమిషనర్ ఆఫీసులో అర్జీ ఇయ్యి. పర్మిషన్ వచ్చినాక, లైసెన్సు ఉండేవాళ్ళకే అమ్మాల. నోటిమాట మీద చేతులు మారిస్తే ఇచ్చినోళ్ళూ లోపలికే, తీసుకున్నోళ్ళూ లోపలికే."

"ఒకటి గోడకు తగిలించుకుంటానమ్మా. పటం మాదిరి."

"పేలేదాన్ని పటం అనరు కదమ్మా."

ఇల్లు చేరేసరికి మరిది వెంకటగిరియప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దొడ్డబళ్ళాపురం దగ్గర ఆయనకు మగ్గాలున్నాయి, కాస్త పొలముంది, ఆ పొలానికో గట్టుంది. గట్టు గురించి దాయాదులతో ఏళ్ళ తరబడి తగాదా. ఈ మధ్య మాటలు దాటి కర్రల దాకా వచ్చింది.

"మా అన్న తుపాకి నాకు గాక ఎవనికి వదినా? మనలో మనకు పేపర్లేంది?"

"నీకెందుకప్పా అది?"

"కాల్చను. చూపిస్తా, అంతే."

"చూపించేదానికైతే టార్చిలైటు ఉండాది. తీస్కపో."

వెంకటగిరియప్ప నవ్వలేదు. దాయాదులు మచ్చుకత్తులు పట్టుకుని తిరుగుతున్నారనీ, ముందు ఎవడు ఎత్తితే వాడిదే గట్టు అనీ చెప్పి, విసురుగా లేచి వెళ్ళిపోయాడు. ఆయన చేతికి తుపాకి చిక్కితే ఏదో ఒక ఇంట్లో ఏడుపు తప్పదని ఆమెకు అర్థమైంది.

మర్నాడే చిక్కపేటలో తుపాకుల అంగడి నడిపే డేవిడ్, స్టేషన్ నుంచి కానిస్టేబులును వెంటబెట్టుకుని వ్యాన్‌లో వచ్చాడు. రైఫిలు పోతుంటే పుష్పావతమ్మ ఊరికే చూసింది. దానితో ఆమెకు పెద్దగా పరిచయం లేదు. డబుల్ బ్యారెల్ గడప దాటుతుంటే మాత్రం కట్టె భాగం నిమిరి, "పోయిరా" అంది.

తెల్లారి బీరువా తెరిస్తే మునీంద్ర చొక్కాల మధ్య తుపాకి. వెచ్చగా ఉంది, అప్పుడే నడిచొచ్చినట్టు. నూనె వాసన గుప్పుమంది.

డేవిడ్ ఫోన్ చేశాడు. "అక్కా, నీ దగ్గరికి గాని వచ్చిందా?"

"వచ్చింది నాయనా."

"ప్రభువా! రిజిస్టర్‌లో నా దగ్గర ఉండాది, నిజానికి నీ దగ్గర ఉండాది. ఎవరన్నా తనిఖీకి వస్తే నేనేమని చెప్పేది?"

మళ్ళీ వచ్చి తీసుకుపోయాడు. మళ్ళీ వచ్చేసింది. హరిణికి చెబితే, "అది ఎట్ల వచ్చిందని నేనడగనమ్మా. నీకు లైసెన్సు ఉండాదా, లేదా? అదొక్కటే చెప్పు" అంది.

పుష్పావతమ్మకు కాలు నిలవలేదు. బియ్యం పొయ్యి మీద పెట్టి బీరువా దగ్గరికి పోయేది. తలుపు తెరిచి వాసన చూసేది, మూసేది, మళ్ళీ లేచేది. అన్నం మాడేది. పరధ్యానంగా పోయిరా అంటే షిఫ్టుకు పోయినవాళ్ళు మధ్యాహ్నానికే ఇళ్ళకు వచ్చేశారు. సూపర్‌వైజర్లతో తిట్లు తిన్నారు. "మనసు పెట్టి చెప్పక్కా, జీతం కోస్తున్నారు" అని ఒకాయన చేతులు జోడించాడు.

మూడోసారి వచ్చినప్పుడు డేవిడ్ కూర్చుని కాఫీ తాగుతూ అడిగాడు. "రైఫిలు నిమ్మళంగా ఉండాది. ఇదొక్కటే ఎందుకు వస్తుండాది? ఏం చెప్పి పంపిస్తివి?"

"ఏం చెప్తా? పోయిరా అంటి."

డేవిడ్ నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మే సామానుకు పోయిరా అంటే ఎట్లక్కా? పో అను."

"ఆ మాట నా నోట రాదు నాయనా. కుక్కను కూడా అనలే."

"అయితే నోరు మూసుకుని పంపియ్యి."

"మూసుకోదే."

మూసుకోవాలని ఆమెకు లేదు కూడా. తుపాకి తిరిగి వచ్చిన ప్రతి పొద్దూ ఆ నూనె వాసనతో బాటు ఇంకెవరో కాస్త వచ్చినట్టుండేది. ఆ మాట డేవిడ్‌తో ఎట్లా చెబుతుంది?

ఈసారి కూడా పోయిరా అనేసింది. ఈసారి కూడా వచ్చేసింది. ఆమె ఫోన్ అందుకునేలోపే వెంకటగిరియప్ప వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తుపాకి తిరిగొస్తోందని వీధిలో విన్నట్టుంది, నేరుగా బీరువా తెరిచి, దాన్ని దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"ఈ పొద్దు తేల్చేస్తా. తూటాలు నాకు దొరికినాయి."

"వెంకటగిరీ, వద్దప్పా. అది నీది కాదు. ఇప్పుడు నాది కూడా కాదు."

"ఎవనిదైతే నాకేం?"

అరుగు దిగాడు, చెప్పులు తొడిగాడు, గేటు మీద చెయ్యి వేశాడు. అక్కడ ఆగిపోయాడు. కొట్లాటకు పోయే మనిషికి ఆ మాట మరీ కావాలి గదా! వెనక్కి తిరిగి, కోపం దిగని గొంతుతోనే, "పోయొస్తా వదినా" అన్నాడు. నిలబడి చూస్తున్నాడు.

పోయిరా అంటే వస్తాడు. అందులో అనుమానం లేదు. కానీ అక్కడ గట్టు మీద పడిపోయేవాడు ఆమె పోయిరా అన్నవాడు కాదే! వాడి ఇంట్లో ఎవరు గేటు దగ్గర నిలబడి ఉన్నారో! తుపాకీ వస్తుంది. ఈసారి నూనె వాసనతో రాదు.

దుప్పటి అంచు నుంచి కట్టె భాగం కనబడుతోంది. మునీంద్ర బొటనవేలు ఒరిసి ఒరిసి అక్కడ నునుపు తేలింది. ఆమె దాన్నే చూస్తూ, స్వామిని తలుచుకుని, నోరు తెరిచింది.

"పో."

గోడ అవతల కెంపమ్మ చేతిలో గరిటె కింద పడింది. వెంకటగిరియప్ప గేటు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఎవర్ని వదినా? నన్నా? దాన్నా?"

ఆమె చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆయన వెనక్కొచ్చి అరుగు మెట్టు మీద కూలబడ్డాడు. చంకలో దుప్పటి మెత్తగా కుంగింది. విప్పి చూస్తే ఉత్త దుప్పటే.

లోపల ఫోన్ మోగింది. "స్తోత్రం అక్కా! వచ్చి స్టాండులో నిలబడింది" అన్నాడు డేవిడ్. ఆ తర్వాత అది అక్కడి నుంచి కదలలేదు. పర్మిషన్ వచ్చి లైసెన్సు ఉన్నవాడి చేతికి పోయేదాకా అట్లే నిలబడింది.

"మరి నేను?" అన్నాడు వెంకటగిరియప్ప.

"తెలీదప్పా. నోరు దాటిన మాట. ఎవరికి తగిలిందో!"

ఆయన గేటు దాటలేదు. మెట్టు మీదే కూర్చున్నాడు, చెప్పులు విప్పాడు, తొడిగాడు, మళ్ళీ విప్పాడు. ఎండ నడినెత్తికొచ్చినాక ఆయన భార్య నంజమ్మ ఫోన్ చేసింది. దాయాదులు పొద్దుటి నుంచి మచ్చుకత్తులతో గట్టు మీద కాచుకున్నారంట. ఎవరూ రాకపోయేసరికి ఆకలై, అన్నాలకు ఇండ్లకు పోయినారంట. "నువ్వు యాడుండావు?" అని అడిగింది.

"వదిన మెట్టు మీద."

"ఆడ్నే ఉండు."

ఆయన చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. పుష్పావతమ్మ బీరువా తెరిచింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. కాసేపు అట్లే నిలబడి, నీలం గీతల చొక్కా ఒకటి తీసి తెచ్చింది.

"మీ అన్నది. నీకు గాక ఎవనికి? దీనికి లైసెన్సు అక్కర్లే, తొడుక్కో."

భుజాల దగ్గర వదులైంది. గుండీలన్నీ పెట్టుకుని, గేటు వైపు ఒకసారి చూసి, వెంకటగిరియప్ప మళ్ళీ ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.