చావు లేదన్న మాట

మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా ధర తగ్గిస్తే వ్యాపారుల మీద అంతెత్తున లేచే నారాయణప్ప, ఆసుపత్రిలో కోత అన్న మాట వినబడితే పిల్లి అయిపోతాడు. పుంగనూరు దగ్గర పల్లె ఆయనది. నెలల తరబడి జావ తప్ప ఏదీ గొంతు దిగడం లేదు. మదనపల్లెలో గొట్టం వేసి అన్ననాళంలోంచి ముక్క తీసి చూశారు. ఇంకా క్యాన్సర్ కాదు గానీ అటువైపు పోతోందని చెప్పి కుప్పంలోని పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ మళ్ళీ ముక్కలు తీశారు. ఫలితం చెప్పే రోజు ఇదే.

"నువ్వే పోయి ఇను. కోస్తామంటే మాత్రం నేనీడ ఉండను" అని ఆయన బయట బెంచీ మీదే కూర్చున్నాడు. ఎట్లాగైనా ఆయన్ని ఒప్పించి బతికించుకోవాలన్నదే భార్య మునీశ్వరి ఆరాటం.

లోపలున్న డాక్టరమ్మ చిన్నపిల్ల. పల్లెమనిషికి అర్థమయ్యేలా చెప్పాలని పాపం ఆమె తాపత్రయం.

"ప్రతి కణానికీ ఆయుష్షు ఉంటుందమ్మా. అది రెండుగా చీలిన ప్రతిసారీ లోపలి జన్యుపోగుల కొసలు అరుగుతాయి. అరిగి అరిగి ఒకనాటికి చచ్చిపోతుంది. టెలోమరేజ్ అనేది ఆ అరుగుదలను పూడుస్తుంది. మీ ఆయనకు తీసిన ముక్కల్లోని కణాల్లో అది జోరుగా పనిచేస్తోంది. వాటికి ఇంక చావు లేదు."

మునీశ్వరి చెవిలో ఆఖరి మాట ఒక్కటే పడింది. ఒక్క ఉదుటున లేచి తలుపు తీసింది.

"ఇదో, సావు లేదంట! డాక్టరమ్మే సెప్పింది!"

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.

తిరిగి వచ్చి కూర్చున్నాక డాక్టరమ్మ ముఖం చూసి మునీశ్వరికి గుబులు పుట్టింది.

"చావు లేనిది ఆ కణాలకమ్మా, ఆయనకు కాదు. అవి చావకుండా పెరిగి మనిషిని తినేస్తాయి. ఈ ఒక్క పరీక్షతోనే తేల్చలేదు, కొత్త ముక్కల్లో క్యాన్సర్ కూడా కనిపించింది. ఇంకా పాకలేదు. ఇప్పుడే చేర్చి ఆపరేషన్ చేస్తే కొంచెం ఆశ ఉంది. జాగు చేస్తే అదీ ఉండదు."

బయట బెంచీ ఖాళీగా ఉంది. వెతుక్కుంటూ పోతే బస్టాండులో కనిపించాడు, నవ్వు ముఖంతో. ఏడుస్తూనే అంతా చెప్పింది.

"సావు లేదని ఆసుపత్రంతా ఇనేట్టు అరిసింది నువ్వే గదా" అన్నాడు. "అంతలోనే ఇంగో మాటా? కోసేదానికి ఆయమ్మ నేర్పించి పంపిందా?"

"నాదే తప్పు. సరిగ్గా ఇనలేదు నేను."

"మొదట సెప్పిందే నిజం. పో."

చేతులు పట్టుకుంది. నలుగురూ చూస్తుండగా కాళ్ళు పట్టుకుంది. ఇంతలో పుంగనూరు బస్సు రానే వచ్చింది. ఆయన ఎక్కి కిటికీలోంచి పిలిచాడు.

"రామ్మే, సీటు పట్టినా."

జబ్బు చంపకముందే తానే చంపుకుంటున్నానని ఆమెకు తెలుసు. అయినా ఎక్కి పక్కన కూర్చుంది. వచ్చే ఏడు టమోటా ఏ చేలో పెట్టాలో, నారు యాడ తేవాలో ఆయన హుషారుగా చెబుతుంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊ కొట్టింది.