మొదటి ముద్దల మునగాకు

తెల్లారితే కావేరి రోటికాడ కూసోవాలె. మునగాకు దంచాలె. ఇంట్ల మిక్సీ ఉన్నది గని అత్త లసుమవ్వ దాన్ని ముట్టనియ్యది. మిక్సీల ఏస్తే ఆకు సత్తువ పోతదంట. కోడలి రెక్కల సత్తువ పోతే ఫికర్ లేదు. ఆకు దూసుడు, నీడకు ఆరబెట్టుడు, దంచుడు, జల్లెడ పట్టుడు అన్నీ కావేరివే. మంచి పేరు మాత్రం మునగచెట్టుది.

గిదంత ఆమె మొగడు భీమ్‌రావు కొలెస్ట్రాల్‌తోటి మొదలైంది. ఆర్మూర్‌ల పసుపు అడ్తి దుకాణంల పని ఆయనది. పసుపు కొమ్ము ఇరిచి ముక్కుకాడ పెట్టుకుంటే సాలు, గది అంకాపూర్‌దా వేల్పూర్‌దా చెప్తడు. తన రక్తంల కొవ్వు ఎక్కిందని డాక్టర్ చెప్తే మాత్రం నమ్మలే. రాసిచ్చిన గోలీలు కొన్నొద్దులు మింగి బంద్ పెట్టిండు. గోలీలు మింగేటోణ్ని నలుగురు రోగమోడంటరంట, ఆకు తింటే కొవ్వు అదే దిగుతదంట. వద్దని కావేరి గట్టిగనే చెప్పింది. ఇంటర్ ఫెయిలైనదానివి నువ్వెప్పుడు డాక్టరమ్మవైనవని తల్లీకొడుకులు కలిసి నవ్విన్రు. ఆయన తండ్రి మార్కెట్ల తూకం కాడనే గుండె పట్టుకొని కూలిన సంగతి గా ఇంట్ల ఎవ్వలు ఎత్తరు.

గప్పటి సంది కావేరి ఒక పని చేస్తున్నది. పొద్దుగాల ఎవ్వలు చూడకుంట ఆయన బంద్ పెట్టిన గోలీ ఒకటి నూరి, చెంచెడు ఆకుపొడిల కలిపి, మొగని మొదటి ముద్దల పెడ్తది. ఆయన నెయ్యేసుకొని కమ్మగ తింటడు. జర చేదున్నదేందే అంటే ముదురాకు అంటది. లోపల నవ్వొస్తది, ఎంటనే తలుపు దిక్కు చూస్తది. ఎవలన్న చూస్తే? మొగనికి మందు పెట్టి లొంగదీసుకుందని వాడకట్టంత అంటది, తల్లిగారింటికి తోలేస్తరు. నేను చేసేది దొంగతనమా, కాపురమా అని ఆమెకే సమజ్ కాదు. నా మాటకే ఇలువ లేని ఇంట్ల గోలీకి ఏడుంటది, ఆకు ఏషం ఎయ్యకుంటె అనుకుంటది, మల్ల రోకలి ఎత్తుతది.

మొన్న రిపోర్టు వచ్చింది. కొవ్వు దిగింది. భీమ్‌రావు ఆ రిపోర్టు పట్టుకొని మార్కెట్ల కనిపించినోనికల్ల చూపిచ్చిండు. నా కొడుకును ఆకే బతికిచ్చిందని లసుమవ్వ కమ్మర్‌పల్లి చుట్టాల దాక పొట్లాలు కట్టి పంపుడు షురూ చేసింది. కావేరికి దంచుడు రెండింతలైంది. అయినా మొగడు బాగున్నడు, గది సాలనుకున్నది.

ఇయ్యాల పొద్దుగాల ఎనుకింటి పోచవ్వ వచ్చింది. పోయినేడు గుండెల స్టెంటు ఏపిచ్చుకున్న మనిషి. లసుమవ్వ ఇచ్చిన పొడి పొట్లం కొంగున ముడేసుకుంట, "అక్కా, నీ మాట మీద దవాఖాన గోలీలన్నీ మోరిల పారేసిన" అన్నది.

"మంచి పని చేసినవ్," అన్నది లసుమవ్వ.

కావేరి చేతిల రోకలి ఆగింది. చెప్తే తన కాపురం పోతది. చెప్పకుంటె గీ ముసలమ్మ పానమే పోతది. గడపల భీమ్‌రావు పల్లు తోముకుంట నిలవడ్డడు.  అయినా కావేరి లేసింది.

"పెద్దమ్మా, ఆ పొట్లం ఇటియ్యి. ఈయనకు దిగింది ఆకుతోటి కాదు. రోజు డాక్టర్ గోలీ నేనే నూరి బువ్వల కలిపిన."

పోచవ్వ చెయ్యి ఛాతి మీదికి పోయింది. లసుమవ్వ, నా కొడుక్కు మందు పెట్టినవానే అనుకుంట మీదికొచ్చింది. నన్నడగకుంట నా బువ్వల కలుపుతవా అని భీమ్‌రావు బ్రష్ ఇసిరికొట్టిండు. ఆయన అరుస్తుంటెనే కావేరి చేతులు కడుక్కున్నది, చెప్పులేసుకున్నది, పోచవ్వ రెక్క పట్టుకున్నది. దవాఖానకు పోదాం, మల్ల గోలీలు రాపిచ్చుకుందామన్నది.

వాకిలి దాటినంక ఎనుకనుంచి భీమ్‌రావు పిలిచిండు. గొంతు తగ్గింది.

"కావేరీ... మరి ఇయ్యాలటిది కలిపినవా?"

"కలపలే. గోలీలు బియ్యం డబ్బ ఎనుక ఉన్నయ్, నీళ్లు బిందెల ఉన్నయ్. మింగుడు నీ పని."