పదకొండో నంబరు తూటాలు

మా బవేరియా కొండల కింద చలికాలంలో తుపాకీ ఇంట్లోనే పేలుస్తారు. బయట మంచు, సత్రంలో పొయ్యి. బల్లలు గోడకు జరిపి, ఆ చివర గురిచెక్క పెట్టి, ఈ చివర నిలబడి కొడతారు. అందుకని తూటా చిన్నది. గుండు బార్లీ గింజంత ఉంటుంది. గొట్టం మధ్యలో ఉన్న చిన్న తలుపు తెరిచి చెంచాతో లోపల పెట్టాలి. వేళ్లతో కుదరదు. పేలితే ఎవరో ఒకసారి చప్పట్లు కొట్టినట్టు ఉంటుంది, అంతే.

మా తుపాకీ సంఘంలో ఎవరింట్లోనైనా చావు జరిగితే, ఆ చలికాలం గుండ్రటి చెక్క మీద పోయినవాళ్ల బొమ్మ గీయిస్తారు. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ దాని మీద తలా ఒక గుండు కొడతారు. నడిమి చుక్కకు ఎవరి గుండు దగ్గరగా పడితే చెక్క వాళ్లది. ఇంటికి తీసుకెళ్లి గోడకు తగిలించుకుంటారు. పోయినవాళ్ల ఇంటికే దక్కాలన్న నియమం లేదు.

ఈసారి చెక్క నా భార్య బుర్గిది.

బొమ్మలు గీసేవాడికి ముఖాలు రావు. అందుకని ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తున్నట్టు వెనకనుంచి గీశాడు. తలచుట్టూ జడ చుట్టుకున్న తీరు మాత్రం ఆమెదే. అది చూశాక నాకు ఒకటే పట్టుకుంది. ఆ చెక్క నా ఇంటికి రావాలి. కొర్బి గోడ మీద వేలాడకూడదు.

కొర్బి బుర్గి తమ్ముడు. వాళ్ల నాన్న ఒకే పనివాడి చేత రెండు తుపాకులు చేయించాడు. ఒకటి కొర్బికి పోయింది. ఒకటి బుర్గితో నా ఇంటికి వచ్చింది. రెండూ పదకొండో నంబరువి. ఈ తూటాల్లో నంబరుకూ నంబరుకూ వెంట్రుకవాసి తేడా. పెద్దది లోపలికి దిగదు, చిన్నది గొట్టంలో దొర్లుతుంది. పదకొండో నంబరు చేయడం ఫ్యాక్టరీవాళ్లు ఎప్పుడో మానేశారు. పట్నంలో ఒక తుపాకుల కొట్టు మూసేస్తున్నారని తెలిసి, బుర్గి వెళ్లి మిగిలిన డబ్బాలన్నీ కొనుక్కొచ్చింది. చెమ్మ తగలకుండా దుప్పట్ల బీరువాలో దాచింది. ప్రతి చలికాలం తమ్ముడికి అందులోంచి గుప్పెడు ఇచ్చేది.

ఆమె ఆఖరి చలికాలం మంచాన్ని వీధివైపు కిటికీకి తిప్పమంది. తిప్పాను. ఎవరి కోసమో నాకు తెలుసు. కొర్బి ఇల్లు రెండు వీధుల అవతలే. వాడు రాలేదు. అక్కని అలా చూడలేనని ఊరంతా చెప్పుకు తిరిగాడు. నేను చూశాను. రోజూ చూశాను. నువ్వు చూడగలవా అని నన్నెవరూ అడగలేదు. పాతిపెట్టే రోజున మాత్రం అందరికంటే పెద్ద పూలచక్రం తెచ్చాడు.

ఆదివారం సత్రం నిండింది.

"కళ్లజోడు తుడుచుకో, లోరెంజూ. పోయినేడు నా గోడగడియారాన్ని కొట్టావు" అంది సత్రం నడిపే జెంజి.

"తప్పు టైము చూపిస్తుంటే బుద్ధి చెప్పాను" అన్నాడు మాంసం కొట్టు లోరెంజ్.

"బుద్ధొచ్చి నోరే మూసుకుంది. నువ్వూ దాన్ని చూసి నేర్చుకో."

అందరూ నవ్వుతుండగా కొర్బి భుజాన తుపాకీతో నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బావా, ఒక్క తూటా ఇవ్వు."

"లేవు."

"డబ్బా నీ జేబులోనే ఉంది కదా."

"నాకున్నాయి. నీకు లేవు."

నవ్వులు ఆగిపోయాయి.

"ఒరేయ్ ఉర్బాన్, అంత చిన్న ముక్క పిల్లికైనా వేస్తాం కదరా" అన్నాడు లోరెంజ్ నాతో.

సంఘం పెద్ద క్విరిన్ మధ్యలోకి వచ్చాడు. "కొర్బీ, సంఘం తుపాకీ తీసుకో. దానికి తూటాలున్నాయి."

"వద్దు పెద్దాయనా. మా అక్క చెక్క అది. నాన్న తుపాకీతోనే కొడతాను." నా వైపు తిరిగాడు. "అక్కైతే ఇచ్చేది బావా."

"అక్క కిటికీలోంచి చూస్తూ ఉండేది. అప్పుడు రావాల్సింది."

వాడి మెడ ఎర్రబడింది. "భయమేసింది బావా" అన్నాడు. నాకు మాత్రమే వినపడేంత చిన్నగా.

"నాకూ వేసింది."

ఇవ్వలేదు. ఈరోజు వచ్చి అడిగినా ఇవ్వను.

వాడు తుపాకీకి గుడ్డ చుట్టి, కోటు విప్పకుండానే పొయ్యి పక్కన కూర్చున్నాడు.

మొదటి గుండు పోయినవాళ్ల ఇంటివాడిది. నేను చెంచాతో తూటా పెట్టి, తలుపు మూసి, గురి చూశాను. మందు పాతదైపోయింది. చప్పుడు నీరసంగా వచ్చింది. గుండు చుక్కకు అరచేయంత కిందికి, బట్టల బుట్ట పక్కన దిగింది. అది చెడ్డ గుండు. ఆ గదిలో ఎవరైనా దాన్ని దాటగలరు. నేను పక్కకు జరిగాను.

క్విరిన్ నిలబడ్డాడు. ఆయన మోచెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజూ వణకలేదు. చాలాసేపు గురి చూశాడు. గుండు చెక్క అంచున గీసిన పూలదండలో దిగింది. తరవాత లోరెంజ్. అతనిదీ పూలదండలోనే. ఆ తరవాత వచ్చినవాళ్లవన్నీ అక్కడే, ఒకదాని పక్కన ఒకటి, కుట్టు వేసినట్టు.

గురి తప్పినవాడు ఊరుకోడు. వెలుతురును తిడతాడు, పక్కవాడి దగ్గును తిడతాడు. ఎవరూ ఏమీ అనలేదు.

"కావాలని తప్పుతున్నారు" అన్నాను.

"వయసొచ్చింది ఉర్బాన్. కళ్లు మసకలు" అన్నాడు క్విరిన్. చెక్క దింపి నా చేతిలో పెట్టాడు. "నీకంతగా కావాలి కదా. తీసుకో."

గెలిచినవాడితో అందరూ చేయి కలుపుతారు. ఎవరూ కలపలేదు. గెలిచినవాడు అందరికీ బీరు పోయించాలి. నేను ఆ మాట తప్పేవాణ్ణి కాదు.

"జెంజీ, అందరికీ బీరు పొయ్యి."

వెనక్కి తిరిగేసరికి కోట్లు తొడుక్కుంటున్నారు. కొర్బి తుపాకీని క్విరిన్ తన భుజాన వేసుకున్నాడు. లోరెంజ్ వాడి వీపు మీద చేయి వేసి నడిపించుకెళ్లాడు. తలుపు మూసుకుంది. బయట మంచులో వాడు నవ్వాడో ఏడ్చాడో, కిటికీ అద్దం ఇవతలికి తెలియలేదు.

"ఎవరికి పొయ్యనన్నా? అందరూ వెళ్లిపోయారు కదా" అంది జెంజి.

"పొయ్యి."

పోసింది. ఎవరు కూర్చునేచోట వాళ్ల గ్లాసు పెట్టింది. నేను చెక్కను బల్ల మీద పడుకోబెట్టి నా గ్లాసు తాగాను. మిగతావాటి మీద నురగ మెల్లగా దిగిపోయింది.

"వీటినేం చెయ్యను?"

"ఉండనీ."

ఆమె కుర్చీలెత్తి బల్లల మీద బోర్లించడం మొదలుపెట్టింది. అవతలి గోడ నుంచి మొదలుపెట్టి, నా బల్లను ఆఖరుకు వదిలింది.